పైకప్పు ఉన్న నీళ్లు

ఈ నెల మేము వ్రాయబోవు సంగతి మన కుటుంబములకు దూరముగా తోచవచ్చును. వీపుకు గాలి సిలిండరు కట్టుకొని సముద్రపు అడుగునున్న గుహలలోనికి ఈదుకొంటూ వెళ్లువారిని గూర్చి వ్రాస్తున్నాము. మెట్ట పొలాలలో వేరుశనగ, కంది వేసుకొనే మనకు ఈ గొడవ ఎందుకని ఎవరైనా అడిగితే, సగమువరకైనా చదివి అప్పుడు అడగమని మనవి.

ఫ్రాన్సు దేశపు దక్షిణ తీరమున మార్సేయి అనే పెద్ద ఓడరేవు పట్టణమున్నది. దానికి దగ్గరలో తెల్లని సున్నపురాతి కొండలు నిట్టనిలువుగా సముద్రములోనికి దిగి ఉంటాయి. అక్కడ మోర్జియు అనే కొండకొన క్రింద, నీటిమట్టమునుండి 37 మీటర్ల లోతున, ఒక చిన్న బిలము ఉన్నది. 37 మీటర్లంటే ఒక తాడిచెట్టు మీద ఇంకొక తాడిచెట్టు నిలబెట్టినంత లోతు. ఆ బిలములో దూరితే సుమారు 175 మీటర్ల సొరంగము, నిండా నీళ్లు, మెల్లమెల్లగా పైకి ఎక్కుతూ పోతుంది. దాని చివర కొండ కడుపులో ఒక పెద్ద గది. ఆ గదిలో సగము నీరు, పైన గాలి.

దీనిని కనిపెట్టినవాడు ఆన్రి కోస్కేర్ అనే గజ ఈతగాడు. కాసీ అనే చిన్న ఊరిలో సముద్రములో మునుగుట నేర్పించి జీవనము చేసేవాడు. 1985లో అతడికి ఆ బిలము కనబడింది. ఒక్కసారే చివరవరకు పోలేదు. కొంచెము పోయి వెనుకకు వచ్చి, మరల పోయి, మరల వెనుకకు వచ్చి, అలాగున దారి తెలిసికొన్నాడు. చాలాకాలము ఎవరికీ చెప్పలేదు. 1991లో ఆ గదిలో దీపము వెలుగున గోడమీద మనిషి చేయి ఒకటి కనబడింది. చేయి గోడకు ఆనించి చుట్టూ రంగు ఊదితే పడే ముద్ర అది. దాని చుట్టుప్రక్కల వెదికితే గుఱ్ఱములు, అడవి దున్నలు, కొండమేకలు, సీలు చేపలు అనబడే సముద్రజంతువులు, ఎగరలేని ఒక సముద్రపు పక్షి బొమ్మ కూడ కనబడ్డాయి. ఆ పక్షి జాతి 19వ శతాబ్దములో భూమిమీద లేకుండ పోయినది.

ఆ ఏడు సెప్టెంబరు మొదటి దినములలో వేరే ఈతగాండ్లు ఆ సొరంగములోనికి వెళ్లారు. ముగ్గురు తిరిగి రాలేదు. అడుగున మెత్తని బురద రేగి, దారి కానక, సిలిండరులో గాలి అయిపోయి చనిపోయారు. ఆ తరువాతనే కోస్కేర్ ప్రభుత్వమువారి దగ్గరకు వెళ్లి తాను కనిపెట్టినది చెప్పాడు. మరుసటి సంవత్సరము, 1992లో, ఆ గుహను చారిత్రక కట్టడముగా ప్రకటించారు. ద్వారము మూసివేశారు. ఇప్పుడు పరిశోధకులు తప్ప ఎవరూ పోకూడదు. ఇతరుల కొరకు మార్సేయి పట్టణములోనే ఆ గుహవంటి గుహను కట్టి 2022 జూన్ నెలలో తెరిచారు. గుహకు అతని పేరే పెట్టారు.

మొదట పండితులలో కొందరు ఆ బొమ్మలు దొంగబొమ్మలన్నారట. నీళ్లలో 37 మీటర్లు మునిగి పోయి ఎవరు బొమ్మలు వేస్తారని వారి సందేహము. జాన్ కుర్తాన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు, తానే ఈతగాడు గనుక, స్వయముగా మునిగి వెళ్లి చూచాడు. బొగ్గు రంగును పరీక్షించి కొన్ని చేతిముద్రలు సుమారు 27 వేల ఏండ్లవి, కొన్ని జంతువుల బొమ్మలు సుమారు 19 వేల ఏండ్లవి అని మొదట లెక్క కట్టారు. తరువాతి లెక్కలలో ఇంకా పాతవని తేలింది. (ఏండ్ల లెక్కను గూర్చి మాకు ఉత్తరాలు వ్రాయు సహోదరులు ఉన్నారని తెలుసు. శాస్త్రజ్ఞులు కట్టిన లెక్కను మేము ఉన్నదున్నట్టు వ్రాశాము.) బొమ్మలు వేసినవారు ఈదుకొంటూ పోలేదు, నడిచి పోయారు. ఆ కాలమున లోకములో నీరు చాల భాగము మంచుగడ్డలై నేలమీద నిలిచియుండినందున సముద్రము ఇప్పటికంటే 120 మీటర్లు తక్కువలో ఉండేది. ఒడ్డు కొన్ని కిలోమీటర్ల అవతల ఉండేది. మంచు కరిగాక నీరు పైకి వచ్చి త్రోవను మూసివేసింది.

దీనికి ఇంకొక సాక్ష్యము కూడ ఉన్నది. అది మన బొర్రా గుహలు చూచినవారికి సులువుగా బోధపడుతుంది. పైనుండి బొట్టు బొట్టుగా సున్నపు నీరు కారి, ఆ సున్నము గడ్డకట్టి, కప్పునుండి వ్రేలాడే కొమ్మలవంటి రాళ్లు అవుతాయి గదా. బొట్టు కారాలంటే గాలి ఉండాలి. నీళ్లలో బొట్టు కారదు. కోస్కేర్ గుహలోను ఆలాటి రాళ్లు నీటి అడుగున ఉన్నాయి. అంటే అది ఒకప్పుడు పొడి గుహ.

ఇక అపాయము సంగతి. సముద్రములో మామూలుగా మునిగేవానికి తలమీద పైకప్పు లేదు. ఏదైన చెడిపోతే, భయము వేస్తే, మెల్లగా పైకి రావచ్చును. గుహలో అది లేదు. పైకి పోతే రాయి తగులుతుంది. ఎంత దూరము లోపలికి వచ్చాడో అంత దూరము వెనుకకు ఈదితేనే గాలి దొరుకుతుంది. పైగా లోతుకు పోయేకొలది సిలిండరులోని గాలి త్వరగా అయిపోతుంది. 10 మీటర్ల లోతున నీటి ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు, 30 మీటర్ల లోతున నాలుగింతలు. ఒత్తిడి నాలుగింతలైతే ఒక్కొక్క శ్వాసకు నాలుగు శ్వాసల గాలి ఖర్చు. ఒడ్డున గంట వచ్చే సిలిండరు అక్కడ పావుగంట. 30 మీటర్లు దాటితే గాలిలోని నత్రజని తలకెక్కి కల్లు త్రాగినవానివలె మత్తు రావడము కూడ ఉన్నది. త్రాగినవానికి తాను త్రాగినట్టు ఎలా తెలియదో, వీరికి కూడ తెలియదట.

బురద సంగతి మాకు కొంత అనుభవముగా తెలుసు. నీళ్లలో కాదు, పొడి గుహలోనే. ఒకసారి మా యవ్వనస్థులను ఒక గుహ చూపించుటకు తీసికొని వెళ్లాము. లోపలికి చాల దూరము పోయాక కరెంటు పోయింది. చీకటి అంటే మనము ఊళ్లో చూచే చీకటి కాదు. అమావాస్య రాత్రియైనా నక్షత్రాలు ఉంటాయి. అక్కడ చేయి ముఖము ముందు ఆడించినా కనబడలేదు. పది నిముషాలు ఉండవచ్చును. ఇరువదిముగ్గురు పిల్లలు ఒకరి భుజము ఒకరు పట్టుకొని నిలిచారు. ఎటునుండి వచ్చామో ఒక్కొక్కరు ఒక్కొక్క ప్రక్క చూపించారు! గుహలో మునిగేవారికి బురద రేగితే టార్చిలైటు చేతిలో వెలుగుతున్నా ఇదే స్థితి.

అందుకే వారు దారము వాడతారు. ద్వారము బయట, వెలుతురు ఉన్నచోట, దారపు కొన రాయికి కట్టి, రీలు విప్పుకొంటూ లోపలికి పోతారు. మలుపు వచ్చినచోటల్లా రాతికి చుట్టుతారు. దారముమీద అక్కడక్కడ బాణపు గుర్తులు తగిలిస్తారు. ఆ బాణము ఎప్పుడూ బయటి ప్రక్కకే చూపుతుంది, కండ్లు కనబడకపోయినా వ్రేళ్లతో తడిమి ఏది బయటి త్రోవో తెలిసికొనేందుకు. మనిషికి మూడు దీపాలు. గాలిని మూడు పాళ్లు చేసి ఒక పాలు పోవడానికి, ఒక పాలు రావడానికి, మూడవ పాలు ఎవరికైనా ఆపద వస్తే అని విడిచిపెడతారు. మొదటి పాలు అయిపోగానే, ఎదుట ఎంత చక్కని చోటు ఉన్నా, మూరెడు దూరములో ఉన్నా, వెనుకకు తిరగాలి. ఈ కట్టుబాట్లను పుస్తకముగా వ్రాసినవాడు అమెరికాలో ఫ్లోరిడావాడైన షెక్ ఎక్స్‌లీ. ఎవరెవరు ఏ గుహలో ఎందువలన చనిపోయారో ఒక్కొక్కటి పరిశీలించి 1979లో ఆ చిన్న పుస్తకము వేశాడు. 1994లో మెక్సికోలో మిక్కిలి లోతైన ఒక నీటి బిలములో దిగి ఆయన కూడ చనిపోయాడు. మేము ఈ సంగతి దాచి వ్రాస్తే న్యాయము కాదు.

ఇప్పుడు మన పొలాల దగ్గరకు వస్తాము.

మార్సేయికి ఉత్తరముగా వోక్లూజ్ అనే చోట కొండ మొదట్లోనుండి ఒక ఏరు పుడుతుంది. ఈ గాలి సిలిండరు పద్ధతిని 1943లో వాడుకలోనికి తెచ్చిన ఇద్దరిలో ఒకడైన కూస్తో, తన స్నేహితుడు దుమాతో కూడ 1946లో ఆ ఊటలోనికి మునిగాడు. లోతుకు పోగానే ఇద్దరికీ తలలు తిరిగి, ఏమి చేస్తున్నారో తెలియని స్థితి వచ్చింది. కూస్తో పైకి కట్టియున్న తాడు పట్టుకొని ఎక్కబోతే, పైనున్నవాడు ఇతనికి ఇంకా తాడు కావాలేమోననుకొని వదులు చేశాడు. చివరికి సంగతి గ్రహించి లాగాడు. చావు అంచువరకు వెళ్లి బ్రతికారు. కారణమేమని వెదికితే, సిలిండరులో గాలి నింపిన కంప్రెసరు తన ఇంజను పొగను తానే పీల్చుకొని ఆ గాలిలో కలిపింది. కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు. రంగు లేదు, వాసన లేదు. రక్తము ప్రాణవాయువును విడిచి దీనినే పట్టుకొంటుంది.

ఇది చదివినప్పుడు మేము పుస్తకము ప్రక్కన పెట్టి కొంతసేపు కూర్చున్నాము. 2008 వేసవిలో, మేము పరిచర్యకు వచ్చిన క్రొత్తలో, ఈ పాస్టరేటులోనే ఒక ఇంటిలో ఇద్దరు అన్నదమ్ములను ఒకే దినమున సమాధి చేశాము. నీళ్లు లోతుకు పోయినందున ఆయిలింజను బావిలోపల గట్టుమీద దించుకొన్నారు. ఇంజను కొంతసేపు ఆడి ఆగిపోయింది. తమ్ముడు చూడడానికి దిగాడు, పలుకలేదు. అన్న పరుగెత్తుకొని వచ్చి తమ్ముని పేరు పెట్టి పిలుస్తూ దిగాడు. మూడవవాడు దిగబోతే ఊరివారు నడుము పట్టుకొని ఆపారు. అంతకుముందు రోజే ఆ బావిలోనికి దీపము దింపి చూచారట, ఆరలేదట. దీపము పరీక్ష ప్రాణవాయువు తక్కువైతే చెప్పునుగాని ఇంజను పొగలోని ఈ విషవాయువును చెప్పదు. దైవశాస్త్ర డిప్లొమాలో మాకు గ్రీకు అక్షరాలు నేర్పారు, సమాధి ఆరాధన క్రమము నేర్పారు. ఈ సంగతి ఎవరూ నేర్పలేదు.

ఆ అన్నగారి కుమారుడు అప్పుడు ఏడేండ్లవాడు. ఇప్పుడు అండమాను దీవులలో సముద్రములో మునుగుట నేర్పించేచోట పని చేస్తున్నాడు. మధ్యలో మేము వేరే పాస్టరేట్లకు బదిలీ అయి తిరిగి ఇక్కడికే వచ్చాము. పోయిన క్రిస్మసుకు అతడు ఇంటికి వచ్చి, గుహలలో మునుగుట కూడ నేర్చుకొనేందుకు మెక్సికో వెళ్తానన్నాడు. అక్కడ యుకటాన్ ప్రాంతములో నేల క్రింద నీటి గుహలు చాల ఉన్నాయి. సాక్ అక్టున్ అనేది ఒక్కటే 300 కిలోమీటర్లకు మించినది. అతని తల్లి మా ఇంటికి వచ్చి గడపలోనే కూర్చున్నారు.

“అయ్యగారండీ, తమరు చెబితే వాడు వింటాడు. చీకట్లో, నీళ్లలో, గాలి లేనిచోటికి పోతాడంట. వాళ్ల నాన్న అలాగే గదండీ పోయింది.”

మేము వెంటనే జవాబు ఇవ్వలేదు. వద్దని చెప్పడము సులువు. పొట్టకూటికి కాక వేడుక కొరకు ప్రాణము పణముగా పెట్టడము మాకు ఇష్టము లేదు, ఆ మాట ఆ అబ్బాయితో కూడ అన్నాము. అతడు కోపపడలేదు. “నేను చెప్పేది ఒక్కటి వినండయ్యగారూ” అని రెండు సాయంకాలాలు కూర్చుండి పైన వ్రాసిన సంగతులు చాలమట్టుకు అతడే చెప్పాడు. “మాకు మొదటి పాఠము ఏమిటో తెలుసా అండీ? వెనుకకు తిరగడము. రెండవ పాఠము, స్నేహితుడు లోపల ఉండిపోయినా దారము లేకుండ, గాలి లెక్క చూడకుండ వెనుక పోకూడదు. మా నాన్నకు ఈ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు.”

థాయిలాండు సంగతి కూడ అతడే గుర్తు చేశాడు. 2018 జూన్ 23న 12 మంది బాలురు, వారి ఫుట్‌బాల్ శిక్షకుడు థామ్ లువాంగ్ అనే కొండగుహలోనికి వెళ్లి వరదకు లోపల చిక్కుకొన్నారు. జూలై 2న ఇద్దరు బ్రిటిషు ఈతగాండ్లు, ఈ గుహల విద్య తెలిసినవారే, దారము వేసుకొంటూ పోయి వారిని కనుగొన్నారు. వారితో ఇంగ్లీషులో మాటలాడిన పిల్లవాడు ఒక సంఘపు ఆశ్రయములో పెరుగుతున్నవాడని ఆ దినములలో పత్రికలలో మేము చదివాము. జూలై 8నుండి 10వరకు అందరినీ బయటికి తెచ్చారు. పిల్లలు నీళ్లలో బెదరకుండ ఒక ఆస్ట్రేలియా వైద్యుడు మత్తుమందు ఇచ్చి నిద్రపుచ్చాడు. బాలురందరు బ్రతికారు. గాలి సిలిండర్లు లోపల ఉంచి తిరిగి వస్తూ సమన్ కునన్ అనే మాజీ నౌకాదళపు వ్యక్తి జూలై 6న చనిపోయాడు. ఇది వేడుకగా నేర్చుకొన్న విద్య గదా అని మేము అన్నదానికి అతని జవాబు ఇది. మేము మరల ఏమీ అనలేకపోయాము.

అయినా తల్లితో మాటలాడవలసినది మేము కాదు, అతడే అని చెప్పి పంపాము. అతడు మాటలతో చెప్పలేదు. మరునాడు ఉదయము మందిరపు ఆవరణలోనికి తల్లిని తీసికొని వచ్చాడు. రీలు తెచ్చాడు. వేపచెట్టుకు దారము కట్టి, గంట స్తంభానికి ఒక చుట్టు, బోరింగు దగ్గర ఒక చుట్టు, వంటపాక వెనుకనుండి తిప్పి మా ఇంటి మెట్లవరకు లాగాడు. నేర్చుకొనేటప్పుడు నీళ్లలోనికి దిగకముందు నేలమీద ఇలాగే చేయిస్తారట. తరువాత కండ్లకు తువాలు కట్టుకొని, అమ్మను తన చుట్టూ మూడుసార్లు త్రిప్పమని, దారము పట్టుకొని నడిచాడు. పిల్లలు మూగి నవ్వారు. బోరింగు దగ్గర కాలు జారింది, దారము మాత్రము విడువలేదు. వేపచెట్టు దగ్గరకు వచ్చి తువాలు విప్పాడు.

అమ్మ నవ్వలేదు. “ఏదీ, నాకు కట్టు” అన్నారు. ఆమెకూ కట్టాడు. ఆమె రెండు చేతులతో దారము పట్టుకొని, బాణపు గుర్తు తగిలినచోటల్లా ఆగి వ్రేళ్లతో రెండుసార్లు తడిమి చూచుకొంటూ, చాలసేపు పట్టినా, చివరవరకు వచ్చారు. వచ్చాక, “మరి మధ్యలో తెగితేనో?” అని అడిగారు. తెగితే ఎలా వెదకాలో, రెండవ చిన్న రీలుతో ఏమి చేయాలో అతడు చెప్పాడు. అది విని ఆమె కొంచెము సేపు ఊరకుండి, “చెల్లి పెళ్లి అయ్యేదాకా పోవద్దు. ఆ తరువాత నీ ఇష్టము” అన్నారు. అతడు సరేనన్నాడు. పెళ్లి ఇంకా కుదరలేదు గనుక ఇది ఎన్నాళ్ల వాయిదానో మాకు తెలియదు!

అండమానుకు తిరిగి వెళ్లకముందు అతడు తన జీతములోనుండి ఒక సామాను కొని ఇచ్చాడు. కార్బన్ మోనాక్సైడును పసిగట్టి కూతపెట్టే చిన్న యంత్రము, అరచేతిలో పట్టేది. దానిని బావిలోనికి త్రాడుతో దింపి చూడాలి. బావిలో ఇంజను ఆడియుంటే, అది కూత పెట్టకపోయినా తొందరపడి దిగకూడదు. ప్రాణవాయువు ఉన్నదో లేదో అది చెప్పదు. గాలి బాగా ఆడనిచ్చి, నడుముకు, భుజాలకు పట్టీ బిగించి, పైన ముగ్గురు మనుష్యులు తాడు పట్టియుండగానే దిగాలి. దిగినవాడు పలుకకపోతే లాగాలిగాని ఇంకొకడు దిగకూడదు. అగ్నిమాపక కేంద్రము వారికి 101కి ఫోను చేయాలి.

మా పురుషుల సహవాసమువారు 45 మీటర్ల నైలాను తాడు, పట్టీ కొన్నారు. ఇవి, ఆ యంత్రము, మందిరములో కానుకల బీరువా ప్రక్కనున్న పెట్టెలో ఉన్నాయి. సంఘస్థులే కానక్కరలేదు, చుట్టుప్రక్కల ఏ ఊరివారైనా రావచ్చును. రాత్రియైనా తలుపు తట్టవచ్చును. పెట్టె మీదనున్న పుస్తకములో పేరు వ్రాసి తీసికొని పోవాలి, తాడు తడిస్తే నీడన ఆరబెట్టి తిరిగి ఇవ్వాలి.